ప్రేగులలోని సూక్ష్మజీవులు – ఔషధములపై వాని ప్రభావము

ఒకే వ్యాధితో బాధపడు ఇద్దరికి ఒకే మందును, ఒకే మోతాదులో, ఒకే వేళకు ఇచ్చినను ఫలితము ఒకే తీరుగ నుండదు. ఒకరికి గుణమిచ్చిన మాత్ర వేరొకరికి పనిచేయకపోవచ్చును. మూడవవారికి హాని కూడ చేయవచ్చును. ఈ సంగతి వైద్యులు చిరకాలముగ నెరిగినదే. వయస్సు, శరీరపు బరువు, కాలేయముయొక్కయు మూత్రపిండములయొక్కయు స్థితి, వంశపారంపర్యముగ వచ్చిన లక్షణములు, ఏకకాలమున వాడు ఇతర ఔషధములు — ఈ కారణములు చాలవరకు తెలిసినవి. వీనికి తోడు మరియొక కారణము గలదు. అది మనుష్యుని శరీరములో పుట్టిన అవయవము కాదు. అయినను జీవితాంతము శరీరమును విడిచి యుండదు. అదియే ప్రేగులలో నివసించు సూక్ష్మజీవుల సముదాయము.

సూక్ష్మజీవులనగానే రోగములు గుర్తుకు వచ్చుట సహజము. కాని ప్రేగులలో నున్నవానిలో అధికభాగము రోగకారకములు కావు. అవి మనము తిన్న ఆహారములో జీర్ణము కాక మిగిలిన భాగముతో జీవించును. కొన్ని విటమినులను తయారుచేయును. హానికరమైన క్రిములు ప్రబలకుండ అడ్డుపడును. ఆహారమును మార్చినట్లే అవి మనము మ్రింగు మందులను, తెలిసియో తెలియకయో లోనికి పోవు రసాయన ద్రవ్యములను కూడ మార్చగలవు. ఆ మార్పువలన ఒక మందు బలము పొందవచ్చును; నిర్వీర్యము కావచ్చును; విషముగ పరిణమింపవచ్చును. ఈ మూడు విధములను ఉదాహరణములతో వివరించి, వీనివలన ప్రజలు గ్రహింపవలసిన జాగ్రత్తలను తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ప్రేగులలోని జనాభా

జీర్ణకోశములో ఆమ్లము మిక్కుటముగ నుండుటచే సూక్ష్మజీవులు అచ్చట బహుస్వల్పముగ నుండును. చిన్నప్రేగులో క్రిందికి పోయినకొలది వాని సంఖ్య పెరుగును. పెద్దప్రేగునకు చేరుసరికి ఒక్కొక్క గ్రాము పదార్థములో సుమారు 10 వేల కోట్ల సూక్ష్మజీవులు ఉండును. 2016లో ప్రచురింపబడిన ఒక గణన ప్రకారము సగటు మనుష్యుని శరీరములో దాదాపు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులు గలవు. శరీరమునకు స్వంతమైన కణములు సుమారు 30 లక్షల కోట్లు. అనగా రెండు సంఖ్యలును ఇంచుమించు సమానమే. ఇన్ని యున్నను ఈ జీవుల మొత్తపు బరువు సుమారు 200 గ్రాములకు మించదు.

ఇవి వందలకొలది జాతులకు చెందినవి. పెద్దప్రేగులో ప్రాణవాయువు లేనంత తక్కువ; కావున ప్రాణవాయువు లేకుండ జీవింపగల జాతులే అచ్చట అధికము. ఏ ఇద్దరి ప్రేగులలోను ఈ జాతుల కూర్పు ఒక్కటిగ నుండదు. ఆహారము, నివాసము, వయస్సు, పూర్వము వాడిన మందులు — వీనినిబట్టి అది మారుచుండును.

మందు నడచు త్రోవ

నోటితో మ్రింగిన మందు సాధారణముగ చిన్నప్రేగునుండి రక్తములోనికి ప్రవేశించి, ముందుగ కాలేయమునకు పోవును. కాలేయము అన్యద్రవ్యములను పరిశోధించు కావలివాడు వంటిది. అది మందును ప్రాణవాయువుతో కలిపి మార్చును. తరువాత దానికి గ్లూకురోనిక్ ఆమ్లము వంటి ద్రవ్యమును జతచేర్చి నీటిలో సులభముగ కరగునట్లు చేయును. అట్లు కరగునది మూత్రముతోగాని, పైత్యరసముతోగాని శరీరమును వెడలిపోవును.

సూక్ష్మజీవులకు మందు రెండు మార్గముల చిక్కును. చిన్నప్రేగులో పూర్తిగ గ్రహింపబడని మందు క్రిందికి జారి పెద్దప్రేగును చేరును. ఇది మొదటి మార్గము. కాలేయము మార్చి పంపిన మందు పైత్యరసముతో తిరిగి ప్రేగులలో పడుట రెండవ మార్గము. సూక్ష్మజీవులు చేయు పని కాలేయము చేయుదానికి చాలవరకు విపరీతము. కాలేయము ముడివేసినదానిని అవి విప్పును. విడివడిన మందు తిరిగి రక్తములో చేరి, మరల కాలేయమునకు పోవుటయు గలదు. ఇట్లు కొన్ని మందులు శరీరములో పలుమార్లు చుట్టు తిరుగుచు, అనుకొన్నదానికంటె ఎక్కువకాలము నిలిచియుండును.

ఈ పని కొలది మందులకే పరిమితమని పూర్వము తలచెడివారు. 2019లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు నోటితో తీసికొను 271 మందులను 76 రకముల ప్రేగు బాక్టీరియాతో విడివిడిగ పరీక్షించిరి. అందు మూడింట రెండువంతుల మందులను ఏదో యొక బాక్టీరియా రకమైనను మార్చగలిగినట్లు తేలినది. పరీక్షనాళికలో జరిగినదంతయు శరీరములో అట్లే జరుగునని చెప్పరాదు. అయినను ఈ విషయము ఉపేక్షింపదగినది కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

మందునకు బలమిచ్చుట

ఈ శాస్త్రమునకు మొదటి పాఠము ఒక ఎఱ్ఱరంగు నేర్పినది. 1932లో జర్మనీ దేశమున గెర్హార్డ్ డోమాక్ అను శాస్త్రజ్ఞుడు ప్రాంటోసిల్ అను ఎఱ్ఱని రంగుపదార్థము ప్రమాదకరమైన స్ట్రెప్టోకాకస్ క్రిములు సోకిన ఎలుకలను బ్రతికించుట కనుగొనెను. 1935లో ఈ సంగతి ప్రచురింపబడినది. 1939లో ఆయనకు నోబెల్ బహుమానము ప్రకటింపబడెను. కాని ఒక చిక్కు మిగిలినది. జంతువు శరీరములో క్రిములను జయించిన ఈ మందు పరీక్షనాళికలో వానిని ఏమియు చేయజాలకపోయెను.

1935లోనే పారిస్ నగరమందలి పాస్టర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఈ చిక్కును విడదీసిరి. ప్రాంటోసిల్ స్వయముగ మందు కాదు. శరీరములో అది రెండుగ చీలి, సల్ఫనిలమైడ్ అను ద్రవ్యమును విడుదల చేయును. క్రిములను అణచునది ఆ ద్రవ్యమే. రెండు నత్రజని పరమాణువుల నడుమనున్న బంధమును త్రెంపి ఈ చీలికను కలిగించుటలో ప్రేగులలోని సూక్ష్మజీవులకు ముఖ్యపాత్ర గలదని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

ఈ కిటుకునే సల్ఫసలజైన్ అను మందు ఉపయోగించుకొనుచున్నది. స్వీడన్ దేశపు వైద్యురాలు నానా స్వార్ట్స్ కీళ్లవాతమునకు ప్రవేశపెట్టిన ఈ మందు పెద్దప్రేగులో పుండ్లుపడు వ్యాధికి కూడ మిక్కిలి ఉపకరించినది. మ్రింగిన మందులో ఎక్కువభాగము చెక్కుచెదరక పెద్దప్రేగును చేరును. అచ్చటి బాక్టీరియా దానిని చీల్చగా, పుండ్లను మాన్పు భాగము సరిగ అవసరమైన తావుననే విడుదలయగును. 1972లో ప్రచురింపబడిన ప్రయోగములలో సూక్ష్మజీవులు బొత్తిగ లేని ఎలుకలకు ఈ మందు నీయగా అది చీలలేదు. అట్టి ఎలుకలను శస్త్రచికిత్సతో పుట్టించి, క్రిములు చొరని గదులలో శుద్ధిచేసిన ఆహారముతో పెంచుదురు. సూక్ష్మజీవులు చేయు పనియేదో, శరీరము చేయు పనియేదో వేరుపరచి చూచుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు.

మన దేశమున తరతరములుగ వాడుకలోనున్న సునాముఖి ఆకు కూడ ఇట్టిదే. నేలతంగేడు అనియు పిలువబడు ఈ మొక్క తమిళనాట తిరునెల్వేలి ప్రాంతమున విస్తారముగ పండును. విరేచనమగుటకు దీని కషాయము త్రాగుట అందరు ఎరిగినదే. ఆకులోని సెన్నోసైడులను ద్రవ్యములకు తమంతట విరేచనము కలిగించు శక్తి లేదు. పెద్దప్రేగులోని బాక్టీరియా వానిని మార్చిన పిదపనే ఆ శక్తి వచ్చును. రాత్రి పుచ్చుకొన్న సునాముఖి వెంటనే పనిచేయక తెల్లవారుసరికి పనిచేయుటకు కారణమిదియే.

మందును నిర్వీర్యము చేయుట

గుండెజబ్బులకు వాడు డిజాక్సిన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. డిజిటాలిస్ మొక్కనుండి లభించు మందులు ఆంగ్లవైద్యుడు విలియం విదరింగ్ 1785లో తన అనుభవములను ప్రకటించిననాటినుండి వైద్యశాస్త్రమున నిలిచియున్నవి. ఇవి బలహీనమైన గుండెకు సత్తువ నిచ్చును. దాని వేగమును అదుపులో నుంచును. కాని గుణమిచ్చు మోతాదునకు, విషమగు మోతాదునకు నడుమ అంతరము మిక్కిలి సన్నము.

డిజాక్సిన్ వాడువారిలో నూటికి సుమారు 10 మందిలో ఆ మందులో పెద్దభాగము ప్రేగులలోనే నిర్వీర్యమైపోవుచున్నట్లు 1981లో అమెరికా వైద్యులు తెలిపిరి. ఎగర్తెల్లా లెంటా అను బాక్టీరియాకు ఈ శక్తి గలదు. అట్టివారికి ఎరిత్రోమైసిన్ గాని టెట్రాసైక్లిన్ గాని అయిదు దినములు ఇచ్చి చూడగా, కొందరి రక్తములో డిజాక్సిన్ ప్రమాణము రెండింతలవరకు పెరిగెను. మందును పాడుచేయు బాక్టీరియా అణగిపోయినందున, మోతాదు మారకయే మందు ప్రభావము హెచ్చినదన్నమాట. ఎరిత్రోమైసిన్ జాతి మందులు డిజాక్సినును ప్రేగులలోనికి తిరిగి నెట్టివేయు శరీరవ్యవస్థను అడ్డగించుటయు ఈ పెరుగుదలకు తోడ్పడునని తరువాత గుర్తింపబడినది. కారణమేదైనను రోగికి ప్రమాదము ఒక్కటే.

ఈ విషయమున భారతదేశమునకు సంబంధించిన పరిశోధన యొకటి 1989లో ప్రచురింపబడినది. న్యూయార్కు నగరవాసులను, దక్షిణ భారతీయులను పోల్చి చూడగా, న్యూయార్కువారిలో నూటికి 36 మంది ప్రేగులు డిజాక్సినును మార్చినవి; దక్షిణ భారతీయులలో నూటికి 14 మందివి మాత్రమే మార్చినవి. దక్షిణ భారతీయులలోను పట్టణవాసులకు, గ్రామవాసులకు భేదము కానవచ్చినది. ఒక దేశమున స్థిరపరచిన మోతాదు మరియొక దేశమున అట్లే సరిపోవునని నమ్మరాదనుటకు ఇది నిదర్శనము.

అంతేకాదు. ప్రేగులో ఆ బాక్టీరియా ఉన్నంతమాత్రమున మందు చెడిపోవునని కూడ చెప్పరాదు. 2013లో ప్రకటింపబడిన ప్రయోగములలో, మాంసకృత్తులలోని ఆర్జినైన్ అను ద్రవ్యము సమృద్ధిగ లభించినప్పుడు ఎగర్తెల్లా లెంటా డిజాక్సిన్ జోలికి పోదని తేలినది. మాంసకృత్తులు అధికముగ నున్న ఆహారము తిన్న ఎలుకల రక్తములో మందు ఎక్కువగ నిలిచినది. అనగా తినునది మారినచో సూక్ష్మజీవుల వృత్తియు మారును.

కంపవాతమునకు వాడు లెవోడోపా విషయమును ఇట్టిదే. దూలగొండి గింజలలో ఈ ద్రవ్యము గలదు. 1937లో భారతీయ శాస్త్రజ్ఞులు దానిని ఆ గింజలనుండి వేరుచేసిరి. ఈ మందు మెదడును చేరి అచ్చట మార్పు చెందినప్పుడే వణకు తగ్గును. మెదడును చేరకముందే శరీరము దానిని మార్చివేయకుండ కార్బిడోపా అను మరియొక మందును కలిపి యిత్తురు. కాని ఎంటరోకాకస్ ఫీకాలిస్ అను ప్రేగు బాక్టీరియా కూడ లెవోడోపాను మార్చగలదనియు, కార్బిడోపా ఆ బాక్టీరియాను సరిగ అరికట్టలేదనియు 2019లో తెలిసినది. ఒకే మోతాదు కొందరు రోగులకు చాలకపోవుటకు ఇదియొక కారణము కావచ్చును.

మందు విషముగ మారుట

1993లో జపాను దేశమున జరిగిన దుర్ఘటన ఈ విషయముయొక్క గాంభీర్యమును లోకమునకు తెలిపినది. సోరివుడిన్ అను కొత్త మందు సర్పి వ్యాధికై అంగళ్లకు వచ్చినది. కాన్సరుకు ఫ్లోరోయురసిల్ జాతి మందులు వాడుచున్న రోగులలో కొందరికి సర్పి సోకగా, ఈ కొత్త మందును కూడ ఇచ్చిరి. కొలది వారములలోనే కనీసము 15 మంది మరణించిరి. ప్రేగులలోని సూక్ష్మజీవులు సోరివుడినును విడగొట్టగా పుట్టిన ద్రవ్యము కాలేయములోని ఒక ఎంజైమును శాశ్వతముగ బంధించివేసినది. కాన్సరు మందును నిర్మూలించు బాధ్యత ఆ ఎంజైముదే. అది పనిచేయకపోవుటచే కాన్సరు మందు రక్తములో పేరుకొని, మజ్జను, ప్రేగులను ధ్వంసము చేసినది. రెండు మందులును వేరువేరుగ వాడినచో ఇంత కీడు కలుగకపోయెడిది. వైద్యులందరికి తెలియకుండ రెండు మందులు ఒకచోట కలిసిన ఫలితమిది. ఆ మందు అమ్మకము నిలిపివేయబడెను.

ఇరినోటెకాన్ అను కాన్సరు మందు మరియొక ఉదాహరణము. కాలేయము దానినుండి పుట్టిన తీక్ష్ణద్రవ్యమునకు గ్లూకురోనిక్ ఆమ్లమును జతచేసి శాంతపరచి ప్రేగులలోనికి పంపును. బాక్టీరియా ఆ జతను విడదీయగా తీక్ష్ణద్రవ్యము ప్రేగుగోడలను గాయపరచి తీవ్రమైన విరేచనములు కలిగించును. బాక్టీరియాను చంపక, జతను విడదీయు ఎంజైమును మాత్రము అడ్డగించినచో ఎలుకలకు ఈ బాధ తగ్గునని 2010లో ప్రకటింపబడినది.

ఆహారములోని అన్యద్రవ్యములు

సూక్ష్మజీవుల ప్రభావము మందులతో ఆగదు. పసిఫిక్ సముద్రమందలి గ్వామ్ ద్వీపవాసులు సైకాస్ చెట్టు గింజలను పలుమార్లు నీటిలో నానవేసి, ఆ నీటిని పారబోసి, పిండిచేసి వాడెడివారు. అట్లు చేయకున్న అవి విషము. 1960 తరువాతి సంవత్సరములలో జరిగిన ప్రయోగములు ఈ గింజలలోని సైకాసిన్ అను ద్రవ్యము సాధారణమైన ఎలుకలకు కాలేయహానిని, కాన్సరు కంతులను కలిగించుననియు, సూక్ష్మజీవులు లేని ఎలుకలకు హాని చేయదనియు చూపినవి. విషము గింజలో దాగియున్నది. దానిని బయటికి తీయునవి ప్రేగులలోని బాక్టీరియా.

చేదు బాదములలోను, ఆప్రికాట్ గింజల పప్పులోను ఉండు అమిగ్డలిన్ కూడ అట్టిదే. అది రక్తనాళములోనికి ఎక్కించినచో చాలవరకు మార్పు లేకయే మూత్రముతో పోవును. నోటితో తిన్నచో ప్రేగులలో విడివడి సయనైడు విషమును పుట్టించును. ఇది కాన్సరును మాన్పునని 1970 ప్రాంతములలో అమెరికాలో విస్తారముగ ప్రచారము జరిగినది. పరీక్షలలో అట్టి గుణమేదియు కానరాలేదు.

2008లో చైనా దేశమున పాలపొడిలో మెలమైన్ అను రసాయనమును కల్తీచేయుటచే దాదాపు 3 లక్షలమంది పసిపిల్లలు జబ్బుపడిరి. వారి మూత్రపిండములలో రాళ్లు ఏర్పడినవి. కొన్ని ప్రేగు బాక్టీరియా మెలమైనును సయనూరిక్ ఆమ్లముగ మార్చుననియు, ఆ రెండును కలిసి రాళ్లకు మూలమగుననియు 2013లో ఎలుకలపై జరిపిన పరిశోధన తెలిపినది.

మందులు సూక్ష్మజీవులను మార్చుట

సూక్ష్మజీవులు మందులను మార్చినట్లే మందులును సూక్ష్మజీవులను మార్చును. యాంటిబయాటిక్ మందులు రోగకారక క్రిములతోపాటు ప్రేగులలోని మేలుచేయు జాతులను కూడ నశింపజేయును. 2018లో ప్రచురింపబడిన పరిశోధనలో వేయికి పైగా మందులను 40 రకముల ప్రేగు బాక్టీరియాపై పరీక్షింపగా, యాంటిబయాటిక్కులు కాని మందులలో కూడ సుమారు నాల్గవవంతు ఏదో యొక రకము పెరుగుదలను అడ్డగించినవి. మధుమేహమునకు మన దేశమున విశేషముగ వాడు మెట్‌ఫార్మిన్ వలన కూడ ప్రేగులలోని జాతుల కూర్పు మారునని తేలినది. అది మేలైన మందు కాదని దీని అర్థము కాదు. ప్రతి మందునకు మనము చూడని రంగమొకటి గలదని మాత్రమే దీని భావము.

ప్రజలు గమనింపవలసిన విషయములు

1. జలుబు, సామాన్య జ్వరము వంటివానికి వైద్యుని సలహా లేక యాంటిబయాటిక్ మందులు కొని వాడకూడదు. మందు అట్టపై నిలువుగ ఎఱ్ఱగీత యున్నచో అది వైద్యుని చీటీ లేక వాడరాని మందని గుర్తు. ఈ గుర్తును ప్రజలకు తెలుపుటకై భారత ఆరోగ్య మంత్రిత్వశాఖ 2016లో ప్రచారము ప్రారంభించినది. ఇంట మిగిలిన మాత్రలను దాచి మరియొకమారు వాడుటయు తగదు.

2. ఏ వైద్యునియొద్దకు పోయినను అప్పటికి వాడుచున్న మందులన్నిటిని తెలుపవలెను. ఆయుర్వేద ఔషధములు, ఆకుపసరులు, కషాయములు, బలమునకై వాడు మాత్రలు — ఇవియు మందులే. చీటీలు లేనిచో మందు అట్టలనే తీసికొనిపోవుట మంచిది.

3. డిజాక్సిన్ వాడువారు ఎట్టి కొత్త మందునకైనను ముందుగ ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. ఆకలి మందగించుట, వికారము, వాంతులు, చూపు పసుపువన్నెగ కనబడుట, గుండె లయ తప్పుట — వీనిలో ఏది కానవచ్చినను ఆలస్యము చేయక వైద్యుని కలియవలెను.

4. ఒకే జబ్బు గదా యని ఇరుగుపొరుగువారి మందును పుచ్చుకొనరాదు. వారికి సరిపడిన మోతాదు వేరొకరికి చాలకపోవచ్చును, లేక మించవచ్చును.

5. ఈ వ్యాసములో పేర్కొనబడిన మందులు వైద్యుని ఆజ్ఞపై వాడుచున్నవారు భయపడి వానిని మానివేయకూడదు. డిజాక్సిన్, లెవోడోపా, కాన్సరు మందులు ప్రాణములను కాపాడుచున్నవి. అకస్మాత్తుగ మానుటవలన కలుగు కీడు గొప్పది.

6. పప్పుదినుసులు, కూరగాయలు, పొట్టుతీయని ధాన్యములు ప్రేగులలోని మేలైన జాతులకు ఆహారము. పెరుగు, మజ్జిగ మంచి ఆహారములే. కాని అవి మందుల దోషములను సరిచేయు ఔషధములు కావు. దీర్ఘవ్యాధులకు మందులు వాడువారు ఆహారపద్ధతిని ఒక్కసారిగ మార్చుకొనదలచినచో వైద్యునితో ఆలోచింపవలెను.

ప్రేగులలోని సూక్ష్మజీవులను పరీక్షించి, ఎవరికి ఎంత మందు ఇయ్యవలెనో నిర్ణయించు పద్ధతి ఇంకను సామాన్య వైద్యములోనికి రాలేదు. అట్టి పరీక్ష చేయుదుమని, సూక్ష్మజీవుల మాత్రలతో మందుల దోషమును పోగొట్టుదుమని చెప్పు ప్రకటనలను నమ్మి ధనము వ్యయపరచుట మంచిది కాదు. నేటికి అందరి చేతిలోనున్న రక్షణము ఒక్కటే: వాడు ప్రతి మందు పేరును ఎరిగియుండుట, దానిని వైద్యునికి దాచక చెప్పుట. జపాను దేశమున ప్రాణములు పోయినది మందు లేక కాదు. ఒక మందు సంగతి మరియొక మందు నిచ్చినవారికి తెలియక. ఆ ఒక్క మాట చెప్పుటకు ఖర్చు లేదు, శ్రమ లేదు. చెప్పకున్న కలుగు నష్టమునకు మాత్రము మేర లేదు.